అర్జీకి ఎన్ని మెట్లు?

"మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి నాకెప్పుడూ ఇబ్బందే. డాక్టరునంటే అర్థమవుతుంది. ప్లీడరునంటే అర్థమవుతుంది. బళ్ళో పంతులునన్నా అర్థమవుతుంది. "కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తానండీ" అంటే మాత్రం "ఓహో, అట్లాగా!" అని తల పంకించి, మరుక్షణం మాట మార్చి, "మా ఫోనులో ఫొటోలు కనిపించడం మానేశాయి, కాస్త చూద్దురూ" అంటారు.

మా ఆవిడ ఈ చిక్కును ఏనాడో తేల్చేసింది. ఇరుగుపొరుగు అమ్మలక్కలతో "మా వారు అర్జీలు తయారుచేస్తారండీ" అని చెబుతుంది. వెనకటి రోజుల్లో తాలూకా కచేరీ ముందు వేపచెట్టు కింద బల్ల వేసుక్కూర్చుని, వచ్చినవారికల్లా ఫారాలు నింపిపెట్టే గుమాస్తాలుండేవారు చూశారూ, నన్ను వారి కోవలో చేర్చేసిందన్నమాట. మొదట్లో కాస్త చిన్నతనంగా ఉండేది. నిరుడు జరిగిన ఒక సంగతి తరవాత ఆవిడ మాటే నిజమని ఒప్పుకున్నాను. ఆ గుమాస్తా చేసిన పనే నేనూ చేస్తున్నాను. అయితే ఆయనకున్న ఇంగితం నా ప్రోగ్రాముకు లేకపోయింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

అది అర్థం కావాలంటే మా వృత్తి రహస్యాలు నాలుగు ముందుగా మనవి చేసుకోవాలి. భయపడకండి, పోపు పెట్టడం తెలిసినవారికెవరికైనా ఇవి తెలుస్తాయి.

పొడుగాటి ఫారం

కాగితం ఫారం మీరందరూ ఎరిగినదే. "పెళ్ళి కానివారు 14 నుంచి 19 వరకూ గల ప్రశ్నలు వదిలివేయవలెను", "పై ప్రశ్నకు జవాబు అవును అయినచో అనుబంధము చూడుడు" అంటూ, వైకుంఠపాళిలో నిచ్చెనలూ పాములూ లాగా, మనిషిని పైకీ కిందకీ తిప్పుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు కంప్యూటరు తెర మీదకు ఎక్కిస్తే చూసేవాడి గుండె ఝల్లుమంటుంది. అరవై ప్రశ్నలు ఒక్కసారి కనిపిస్తే "రేపు చూద్దాంలే" అని లేచిపోయేవారే ఎక్కువ.

అందుకని ఆ ఫారాన్ని ముక్కలు చేసి మెట్లుగా అమరుస్తారు. మొదటి మెట్టులో పేరూ ఊరూ. రెండోదాంట్లో కుటుంబం. మూడోదాంట్లో చదువు. అడుగున రెండు మీటలుంటాయి, "వెనక్కి" అని ఒకటి, "తరువాత" అని ఒకటి. ఆఖరి మెట్టులో "ముగించు" అని ఇంకొకటి. ఈ పద్ధతికి మా వాళ్ళు పెట్టిన పేరు "విజర్డ్". అంటే మాంత్రికుడు! 1991లో మైక్రోసాఫ్ట్ వారు పబ్లిషర్ అనే ప్రోగ్రాము తెచ్చి, అందులో "పేజ్ విజర్డ్" అని ఒక సాధనం పెట్టారు. కరపత్రమో శుభలేఖో వేయించాలంటే, అది నాలుగు ప్రశ్నలు అడిగి, కాగితం తనే అమర్చిపెట్టేది. ఆ పేరు అట్లా స్థిరపడింది.

మాంత్రికుడంటారు గాని, నన్నడిగితే పక్కన కూర్చుని వ్రతం చేయించే పురోహితుడనడం సబబు. ఆయన పుస్తకమంతా మన ముందు పరచడు. "ఆచమనం చేయండి" అంటాడు, చేస్తాం. "అక్షతలు తీసుకోండి" అంటాడు, తీసుకుంటాం. ఒక్కసారికి ఒక్కటే పని. పెద్దగా తెలియకపోయినా వ్రతం సాంగంగా ముగుస్తుంది.

మతిమరుపు గుమాస్తా

ఇదంతా సులువుగానే తోస్తుంది కదా? చిక్కెక్కడంటే, వెబ్ అనేదానికి పుట్టుకతోనే మతిమరుపు ఉన్నది.

1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్‌లీ ఈ వెబ్‌ను తలపెట్టినప్పుడు, శాస్త్రజ్ఞులు ఒకరి పత్రాలు ఒకరు చదువుకోవడానికి ఉద్దేశించాడు. మీరు ఫలానా పుట కావాలని అడుగుతారు. అవతలి యంత్రం, దాన్ని సర్వరంటారు, ఆ పుట పంపి, మీ సంగతి అక్కడితో మరచిపోతుంది. మళ్ళీ అడిగితే మీరెవరో దానికి తెలియదు. లైబ్రరీకి ఈ పద్ధతి చాలు. అర్జీకి చాలదు. మొదటి మెట్టులో పేరు చెప్పి, రెండో మెట్టుకు వెళ్ళగానే గుమాస్తా "తమరెవరండీ?" అంటే ఏం గాను?

1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు దీనికొక ఉపాయం చేశాడు. సర్వరు మీ బ్రౌజరు చేతికి ఒక చిన్న చీటీ ఇస్తుంది. మీరు వచ్చినప్పుడల్లా ఆ చీటీ చూపాలి. దానికి "కుకీ" అని పేరు. సినిమాహాలు ముందు సైకిలు స్టాండులో ఇచ్చే బిళ్ళ వంటిదే. బిళ్ళ మీది అంకె చూసి, మీ సైకిలు ఎక్కడున్నదో వాడు తెచ్చిస్తాడు. అట్లాగే మీ చీటీ అంకెను బట్టి, మీరు అంతవరకూ చెప్పినవన్నీ సర్వరు తన అలమరలోంచి తీస్తుంది. ఆ అలమర అరను "సెషన్" అంటాం. జావా లోకంలో విరివిగా వాడే టామ్‌క్యాట్ సర్వరులో ఎవరూ మార్చకపోతే దీని గడువు 30 నిమిషాలు. ఆ 30 నిమిషాలూ మీరు ఏ మీటా నొక్కకుండా, పొయ్యి మీది పాలు పొంగుతున్నాయని వెళ్ళి అటే కబుర్లలో పడ్డారనుకోండి, వాడు అర ఖాళీ చేసేస్తాడు. తిరిగొచ్చి చూస్తే మళ్ళీ మొదటి మెట్టు. "ఇందాకా నింపిందంతా ఏమైందండీ?" అని లబోదిబోమనేది ఇందుకే.

వికెట్ అంటే క్రికెట్టు కాదు

జావా భాష 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారి దగ్గర లోకానికి వెల్లడయింది. జేమ్స్ గాస్లింగ్ దాని కర్త. మొదట దాని పేరు ఓక్. ఆ భాషలో వెబ్ పుటలు తయారుచేయడానికి తరవాత్తరవాత ఎన్నో చట్రాలు వచ్చాయి. చట్రమంటే, ఇల్లు కట్టేవాడికి దూలాలూ వాసాలూ ముందే కోసి ఇవ్వడం లాంటిది. 2000లో స్ట్రట్స్ వచ్చింది. 2004లో జోనథన్ లాక్ అనే ఆయన వికెట్ మొదలుపెట్టాడు. 2007లో అది అపాచీ ఫౌండేషన్ వారి పెద్ద ప్రాజెక్టులలో ఒకటయింది. నేను వాడేది అదే.

వికెట్ పేరు చెప్పగానే మా నాన్నగారు "ఎవరి వికెట్ పడింది?" అన్నారు. ఆయనకు క్రికెట్టు ప్రాణం. నేను ఎంత చెప్పినా, నేను ఆఫీసులో కూర్చుని కామెంటరీ వింటున్నాననే ఆయన నమ్మకం.

వికెట్‌లో నాకు నచ్చిన గుణం ఒకటి చెబుతాను. తెర మీద కనిపించే పుటనూ, అందులోని గళ్ళనూ, మీటలనూ అది బొమ్మలుగా గాక వస్తువులుగా చూస్తుంది. ఒక్కో గడికీ ఒక వస్తువు. దానిలో మీరు రాసినది ఏ అరలోకి పోవాలో ముందే ముడివేసి పెట్టవచ్చు. పైగా మీరు తిరిగిన ఒక్కొక్క పుటను, ఊరగాయ జాడీలో పెట్టి మూత బిగించినట్టు, డిస్కు మీద భద్రపరుస్తుంది. మీరు బ్రౌజరులో వెనక బాణం నొక్కితే ఆ జాడీ మూత తీసి, ఆ పుటను అప్పుడున్నట్టుగానే మీ ముందు పెడుతుంది.

విజర్డులకు కావలసిన సరంజామా కూడా అందులో సిద్ధంగా ఉన్నది. వెనక్కి, తరువాత, చివరకు, రద్దు, ముగించు అనే అయిదు మీటల పట్టీ తనే ఇస్తుంది. మీరు చేయవలసిందల్లా మెట్లు కట్టుకోవడమే.

ఆ మెట్లు కట్టడంలో రెండు పద్ధతులున్నాయి.

మొదటిది స్థిరమైనది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మెట్లన్నీ ముందే వరసగా పేర్చేస్తాం. కొన్నిటికి షరతు తగిలిస్తాం. వికెట్ వారు చూపే మాదిరిలో, కొత్త మనిషిని చేర్చుకునే విజర్డు ఒకటున్నది. "ఇతనికి అధికారాలు అప్పగించాలా?" అని ఒక గడి ఉంటుంది. దానిలో టిక్కు పెడితేనే అధికారాల మెట్టు కనిపిస్తుంది. లేకపోతే దాన్ని దాటేసి ముందుకు పోతుంది. విందులో అందరికీ ఒకటే వరస. పథ్యం వారికి మాత్రం వడ ఆపేసినట్టు.

రెండోది చలనశీలమైనది. వారి భాషలో "డైనమిక్ విజర్డ్ మోడల్". ఇందులో వరస అంటూ ముందు ఏమీ లేదు. మొదటి మెట్టు ఒక్కటే ఇస్తాం. ప్రతి మెట్టునూ, "అమ్మా, నీ తరవాత ఎవరు?" అని అడిగితే, అంతవరకూ వచ్చిన జవాబులు చూసుకుని అదే చెబుతుంది. ఈ ప్రశ్నకు "నెక్స్ట్" అని పేరు. అట్లాగే ప్రతి మెట్టూ తాను ఎవరి వెనక వచ్చిందో గుర్తుంచుకుంటుంది, "వెనక్కి" నొక్కినప్పుడు దారి చూపడానికి. కొత్త ఊళ్ళో చుట్టాలిల్లు వెతుక్కునేటప్పుడు, రావిచెట్టు దగ్గర అడిగితే "గుడి దాకా పోయి అక్కడ అడగండి" అంటారు. గుడి దగ్గర అడిగితే కుడివైపు సందు చూపుతారు. ఊరి పటం ఎవరి దగ్గరా లేదు. అయినా ఇల్లు దొరుకుతుంది.

ఎవరి కథ వారిదే అయిన అర్జీలకు రెండో పద్ధతే మేలు.

నేను కట్టిన మెట్లు

పేరు చెప్పడం భావ్యం కాదు గాని, ఒక విద్యాసంస్థ వారికి ఉపకార వేతనాల అర్జీ కావలసివచ్చింది. ఆ పని మా కంపెనీకి వచ్చింది. మా కంపెనీలో నాకు వచ్చింది.

ఎంతో సరదాగా చేశాను. తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాను కూడా. దానికి పడిన పాట్లు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. మాటలన్నీ విడిగా ఒక దస్త్రంలో రాసుకుంటాం. ఆ రకం దస్త్రాలు చాలాకాలం పడమటి దేశాల అక్షరాలను తప్ప గుర్తించేవి కావు. తెలుగు "అ" రాయాలంటే "0సీ05" అని దాని అంకె రాయాలి. 2017లో వచ్చిన జావా 9తో ఆ బాధ చాలావరకు వదిలింది. వికెట్ అంతకు ముందే వేరే దారి చూపింది. ఏమైతేనేం, "తరువాత" అన్న మాట తెర మీద మొదటిసారి ముద్దుగా కనిపించిన రోజున ఇంటికి జిలేబీ తీసుకెళ్ళాను.

అర్జీదారు చెప్పేవన్నీ ఒకే పెట్టెలో వేశాను. ఏ మెట్టులో చెప్పినా ఆ పెట్టెలోకే పోతుంది. ఇది మంచి పద్ధతే. ఎందుకంటే చలనశీల విజర్డులో "తరువాత" నొక్కినప్పుడల్లా మెట్టు కొత్తగా పుట్టవచ్చు. మెట్టులోనే జవాబు దాచుకుంటే అది పాత మెట్టుతోపాటే పోతుంది. పెట్టెలో ఉంటే చెక్కుచెదరదు.

రెండో మెట్టులో "తండ్రి: ఉన్నారు, లేరు" అని రెండు గుండ్రాలు పెట్టాను. ఉన్నారంటే తండ్రి ఉద్యోగం, ఆదాయం అడిగే మెట్టు వస్తుంది. లేరంటే తల్లి లేదా సంరక్షకుల మెట్టు వస్తుంది. చిట్టచివర, మీరు చెప్పినవన్నీ ఒక్కచోట చూపి "ముగించు" అంటుంది. లోపల తండ్రి ఆదాయాన్నీ తల్లి ఆదాయాన్నీ కలిపి కుటుంబ ఆదాయం లెక్కకట్టి సంస్థవారికి పంపుతుంది.

పరీక్షించాం. ఉన్నారని పెట్టి చివరిదాకా వెళ్ళాం, బాగుంది. లేరని పెట్టి చివరిదాకా వెళ్ళాం, బాగుంది. మా ఆఫీసరుగారు భుజం తట్టారు. నా పని అయిపోయింది, ఇంకో పనిలో పడ్డాను.

కింది వాటాలో

మా ఇంట్లో కింది వాటాలో ఒక తల్లీ కూతురూ అద్దెకుంటారు. ఆవిడ మిషను కుడుతుంది. నన్ను అన్నయ్యగారంటుంది, పిల్ల మామయ్యగారంటుంది. ఆ పిల్ల తండ్రి అంతకు ముందు ఏడాది, రాత్రి భోజనం చేసి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పిల్ల చదువులో చురుకు. ఇంజనీరింగు మొదటి సంవత్సరం సీటు తెచ్చుకున్నది.

ఒక సాయంత్రం ఆ పిల్ల చేతిలో కాగితం పట్టుకుని మేడ మీదకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మామయ్యగారూ, నా స్కాలర్షిప్పు రాలేదండీ. ఆదాయం ఎక్కువని కొట్టేశారు. ఇక చదువు మానిపించి కుట్టుపనిలో పెడతానంటోంది అమ్మ."

కాగితం తీసుకుని చూశాను. పైన ఉన్న గుర్తు చూడగానే అది నేను కట్టిన అర్జీ అని తెలిసింది. ఆ మాట అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. పరిమితి రెండున్నర లక్షలట. వీళ్ళ కుటుంబ ఆదాయం 3,96,000 రూపాయలట.

"నువ్వేం రాశావమ్మా?"

"అమ్మ కుట్టుపని మీద వచ్చేది, ఏడాదికి 84,000. అంతే రాశానండీ. ఇదుగోండి నకలు."

నకలు మీద 84,000 అనే ఉన్నది. మరో అంకె లేదు. మనసులోనే తీసివేత చేశాను. 3,96,000లో 84,000 పోతే 3,12,000. ఎక్కడిదీ అంకె?

తలుపు దగ్గర నిలబడి వింటున్న తల్లి మెల్లగా అన్నది: "అది ఆయన జీతమండీ, అన్నయ్యగారూ."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా ఆవిడ ఆవిడను లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పింది. అర్జీ నింపడానికి ముందు ఆవిడే కూర్చున్నదట. "తండ్రి: ఉన్నారు, లేరు" అని అడిగింది తెర. "లేరు అని నొక్కడానికి నాకు చెయ్యి రాలేదండీ" అన్నది. ఉన్నారనే నొక్కింది. తరవాతి మెట్టు ఆయన పేరూ ఉద్యోగమూ జీతమూ అడిగింది. బీరువాలోంచి పాత జీతం కాగితం తీసి చూసి అన్నీ నింపి "తరువాత" నొక్కింది. అక్కడ తండ్రి సంతకం చేసిన ధ్రువపత్రం అడిగింది. అప్పటికి పిల్ల కాలేజీ నుంచి వచ్చి చూసి, "అమ్మా, ఏమిటిది?" అని, మెల్లగా తల్లిని లేపి, తను కూర్చుని, రెండుసార్లు "వెనక్కి" నొక్కి, "లేరు" అని మార్చి, మిగిలింది నింపింది.

ఆ పిల్ల చేసినదాంట్లో ఒక్క తప్పు లేదు. తప్పంతా నాది.

తప్పు ఎక్కడ?

ఆ రాత్రే కూర్చుని చూశాను. ఆవిడ తండ్రి మెట్టులో "తరువాత" నొక్కడంతోనే ఆ జీతం నా పెట్టెలో పడింది. అక్కడే "వెనక్కి" నొక్కి ఉంటే పడేది కాదు. వికెట్‌లో వెనక్కి మీట ఆ పుటలో రాసినదాన్ని తనిఖీ చేయదు, పెట్టెలోకి పంపదు. కాని ఒక మెట్టు దాటి తిరిగి వచ్చారు. దారి మార్చారు. దారి మారిందే గాని, పాత దారిలో పెట్టెలో పడినది పెట్టెలోనే ఉన్నది. దాన్ని తీసెయ్యమని నేనెక్కడా రాయలేదు. ఆఖరి పుటలో నడిచి వచ్చిన మెట్లవే చూపించాను కనుక ఆ అంకె వాళ్ళకు కనపడలేదు. కూడిక మాత్రం పెట్టెలో ఉన్నవన్నీ కలిపింది. కనిపించేది ఒకటి, పంపేది ఇంకొకటి. ఇంతకన్న అన్యాయమైన అర్జీ ఉంటుందా?

ఇందులో వికెట్ దోషం ఏమీ లేదు. దారులు మార్చుకునే సదుపాయం అది ఇచ్చింది. దారి మారినప్పుడు పాత మూట దింపుకోవడం కట్టినవాడి బాధ్యత. మేము పరీక్షించినప్పుడు అందరం ముందుకే నడిచాం. ఎవరమూ వెనక్కి తిరగలేదు. మనుషులు తిరుగుతారు. తప్పు దిద్దుకోవడానికి తిరుగుతారు. ఆ మీట పెట్టిందే అందుకు!

చెట్టు కింది గుమాస్తా అయితే ఏం చేసేవాడు? "తండ్రి లేడా నాయనా" అని, అంతవరకూ రాసిన జీతం మీద గీత కొట్టి ఉండేవాడు. ఆ ఇంగితమే నా ప్రోగ్రాముకు లేకపోయినది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఉన్న సంగతి ఉన్నట్టు ఆఫీసరుగారికి చెప్పాను. నిజం చెప్పొద్దూ, దారి పొడుగునా కాళ్ళు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా సరిచేసి ఊరుకుంటే రాబోయే ఏడాదికి ఇబ్బంది లేదు. ఈ పిల్ల మాటేమిటి? ఇట్లాంటి వారు ఇంకెందరున్నారో! ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ముందు లెక్క తియ్యి" అన్నారు. తండ్రి లేరని చెప్పి కూడా తండ్రి ఆదాయం ఉన్న అర్జీలన్నీ వెతికాం. తొమ్మిది దొరికాయి. తొమ్మిది ఇళ్ళు! ఆ జాబితా తీసుకుని ఇద్దరం ఆ సంస్థవారి దగ్గరకు వెళ్ళాం. వారు చీవాట్లు పెట్టారు, పెట్టవలసిందే. కాని అర్జీలు తిరిగి పరిశీలించడానికి ఒప్పుకున్నారు.

మూడు మరమ్మతులు

తరవాత అర్జీకి మూడు మరమ్మతులు చేశాను.

ఒకటి. కూడిక చేసేటప్పుడు పెట్టె అడుగు దులపడం మానేశాను. చివరి మెట్టు దగ్గర నిలబడి, "నీ వెనక ఎవరు, ఆ వెనక ఎవరు?" అని అడుగుతూ మొదటి మెట్టుదాకా వెళ్ళి, అసలు నడిచి వచ్చిన మెట్లలో చెప్పినవే లెక్కలోకి తీసుకుంటాను. వదిలేసిన దారిలోవి పంపే ముందే తుడిచేస్తాను. జవాబు మార్చిన తక్షణమే తుడవవచ్చు గాని, పొరపాటున మార్చి మళ్ళీ మొదటి జవాబుకే వచ్చేవారు పాపం అంతా తిరిగి రాయాలి. అందుకని పంపేదాకా ఆగుతాను.

రెండు. ఆఖరి పుటలో ఏం చూపితే అదే పంపుతాను, ఏం పంపితే అదే చూపుతాను. మొత్తం ఆదాయం కూడా పెద్ద అక్షరాలతో వేశాను. అర్జీదారు కళ్ళకు కనపడని అంకె ఒక్కటి కూడా అవతలికి పోదు.

మూడో మరమ్మతు మా ఆవిడ చేసింది. "అసలా ప్రశ్నే బాగులేదు" అన్నది. "ఉన్నారా లేరా అని అట్లా మొహం మీద అడుగుతారుటండీ ఎవరైనా? మీకు కావలసింది వాళ్ళ ఇల్లు గడిచేది ఎవరి సంపాదన మీదా అని కదా? అదే అడగండి." పద్దెనిమిదేళ్ళుగా జావా రాస్తున్న నాకు తోచని మాట! ఇప్పుడు ఆ మెట్టులో "ప్రస్తుతం మీ చదువు ఖర్చు భరిస్తున్నవారు" అని ఉంటుంది. తండ్రి, తల్లి, ఇతరులు అని మూడు గుండ్రాలు. ఆ గుండ్రాన్ని బట్టే తరవాతి మెట్టు తేలుతుంది. ఉన్నారా లేరా అనే మాట అర్జీ మొత్తం మీద ఎక్కడా లేదు.

ఇంట్లో అర్జీలు నింపే చదువరులకు అనుభవం మీద నాలుగు మాటలు. కాగితాలన్నీ ముందే పక్కన పెట్టుకుని కూర్చోండి. మధ్యలో లేచి వెళితే అలమర ఖాళీ అవుతుంది. వెనక్కి వెళ్ళవలసివస్తే పుటలో ఉన్న "వెనక్కి" మీటే నొక్కండి; బ్రౌజరు బాణం అన్ని అర్జీలలోనూ ఒక్కలాగే పనిచేస్తుందనే హామీ లేదు. ఒక జవాబు మార్చాక, దాని తరవాతివన్నీ మళ్ళీ ఒకసారి చూసుకోండి. ఆఖరి పుట నకలు తీసి దాచండి. ఆ పిల్ల నకలు దాచుకోబట్టే కదా, నా తప్పు నాకు దొరికింది!

తిరస్కరించారని తెలిస్తే, ఎందుకని అడగడానికి మొహమాటపడకండి. యంత్రం చెప్పింది గనక నిజమే అయి ఉంటుందని ఊరుకోకండి. ఆ యంత్రానికి చెప్పింది నా బోటి మనిషే.

నెలన్నర తరవాత ఆ పిల్లకు మంజూరయినట్టు కబురు వచ్చింది. మిఠాయి పొట్లం పట్టుకుని తల్లీ కూతురూ మేడ మీదకు వచ్చారు. "అన్నయ్యగారి చలవ" అన్నది ఆవిడ. అప్పటిదాకా దాచిన మాట అప్పుడు చెప్పాను, ఆ అర్జీ కట్టింది నేనేనని, తప్పు నాదేనని. ఆవిడ నా వంక చూసి, కాసేపాగి, "ఆ పొరపాటు ముందు నేనే చేశాను కదండీ" అన్నది.

ఈ ఏడు మళ్ళీ అర్జీ వేయాలి కదా. మొన్న ఆదివారం పిల్ల చదువుకుంటుంటే ఆవిడే కూర్చుని నింపింది. మధ్యలో నన్నెవరూ పిలవలేదు. చీకటి పడ్డాక కిందికి దిగుతుంటే మిషను చప్పుడు వినపడింది. "అయిందా అమ్మా?" అని అడిగాను.

"ఎప్పుడో అయిందండీ" అన్నది, తల ఎత్తకుండానే. "ఈసారి వెనక్కి వెళ్ళే పని పడలేదు."